మంద ఎవరిదైనా మేత ఒక్కటే

సీమలో వాన మొహం చాటేసిన ఏడు చేను చేజారినా జీవాలు ఆదుకుంటాయి. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల కాపరులు వేసవిలో కె.సి. కాలువ కింది వరి కొయ్యకాళ్ల మీదికి గొర్రెలు తోలుకుపోతారు. చేలో మంద కట్టి, గింజలో రూపాయలో తెచ్చుకుంటారు. తొలకరికి ఊరు చేరతారు. అసలు ముప్పు అప్పుడే!

లేత పచ్చిక ఆబగా మేసిన జీవాలకు చిటుక రోగం వస్తుంది. పుష్టిగా ఉన్న పిల్లే ముందు పడిపోతుంది. అప్పుడు మందుకు వ్యవధి చిక్కదు. టీకా పని చేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి తొలకరికి ముందే వేయించండి. మంద దూరాన ఉంటే అక్కడి పశువైద్యశాలలోనే అడగండి. మొదటిసారి టీకా వేసిన జీవాలకు రెండు వారాలకు మరో మోతాదు అవసరం.

నట్టల సంగతి వేరు. మీరు మందు తాపి, పక్కాయన తాపకపోతే ఏం లాభం? ఆయన గొర్రెల పెంటికల్లో పడిన గుడ్లు పిల్లలై, గడ్డికెక్కి, మీ గొర్రెల కడుపులోకే చేరతాయి. అందుకే ఊరి మందలన్నిటికీ ఒకేసారి తాపాలి.

ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. గొర్రెల పెంపకందార్ల సహకార సంఘం ఉన్నది అప్పుల కోసమే కాదు. వలసకు ముందే అందరూ కూర్చుని తేదీ అనుకోండి. జీవాల లెక్క రాసి పశువైద్యునికి ఇవ్వండి. పారుడు రోగం టీకా కూడా అందులోనే అడగండి. ఒకసారి వేస్తే మూడేళ్లు కాస్తుంది. 2030 నాటికి ఆ రోగాన్ని ప్రపంచంలోనే లేకుండా చేయాలన్నది అంతర్జాతీయ సంస్థల లక్ష్యం. అది నెరవేరేది మీ దొడ్డి దగ్గరే.