బెర్ను నగరములో ఒక వాననాడు

స్విట్జర్లాండు అనగానే మంచుకొండలును నీలి సరస్సులును మన కన్నులకు కట్టును. కాని ఆ దేశమునకు ప్రభుత్వ పీఠమైన బెర్ను నగరమును చూచి వచ్చినవారు మొదట చెప్పునది కొండలను గూర్చి కాదు, దాని వీధులను గూర్చి. ఆరె అను నది ఆ నగరమును మూడు వైపుల చుట్టి వంపు తిరిగి ప్రవహించును. ఆ వంపు నడుమనున్న మిట్టపై పాత నగరము నాలుకవలె సాగియున్నది. 1191 లో జేరింగెన్ వంశీయుడైన ఐదవ బెర్తోల్డు ప్రభువు దీనిని నెలకొల్పెను. ఆయన వేటలో మొట్టమొదట చిక్కిన మృగము పేరే నగరమునకు పెట్టెనని ఒక కథ గలదు. ఆ మృగము ఎలుగుబంటి. నేటికిని ఎలుగుబంటియే బెర్ను నగర చిహ్నము.

గోదావరి తీరమందలి ఒక పల్లెకు చెందిన దంపతులు ఒక వేసవిలో ఐరోపా యాత్ర చేయుచు ఈ నగరమునకు వచ్చిరి. భర్త ముప్పది సంవత్సరములు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి పొందినవాడు. భార్య ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసినది. బెర్నులో వారికి ఒక్క దినము మాత్రమే గడువు. ఆకాశము నిర్మలముగా ఉన్ననాడు ఆ నగరమునుండి ఐగర్, యుంగ్‌ఫ్రౌ మొదలైన హిమశిఖరములు కనబడునని ఆమె చదివియుండెను. ఆ దృశ్యమును కన్నులార చూడవలెనని ఆమె కోరిక. కాని వారు రైలు దిగునప్పటికే ఎడతెగని వాన కురియుచుండెను. కొండలున్న దిక్కున బూడిదరంగు మబ్బు తప్ప మరేమియు లేదు.

“ఏమండీ, ఇంత దూరము వచ్చి కొండలను చూడకయే మరలిపోవలెనా?” అని ఆమె చింతించెను.

“వాన మన మాట వినదు గదా! కనబడనిదానికై వగచుటకంటె కనబడుదానిని చూతము రమ్ము,” అని ఆయన గొడుగు విప్పెను.

ఆశ్చర్యమేమనగా, కొంతదూరము పోవునప్పటికి ఆ గొడుగుతో పనిలేకపోయెను. పాత నగరపు ముఖ్య వీధులలో ఇరుప్రక్కల ఇండ్ల ముందుభాగమున, మేడల క్రిందుగా, రాతి కమానులతో కట్టిన నడవలు బారులు తీరియున్నవి. ఒక ఇంటి నడవ ముగిసిన చోటనే ప్రక్క ఇంటి నడవ మొదలగును. ఇట్లు అవి సుమారు ఆరు కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నవి. వీధిలో వాన ధారలు కట్టుచున్నను నడవలలో జనులు తడవక సరకులు కొనుచు, మాటలాడుకొనుచు, నింపాదిగా నడచుచుండిరి.

ఈ నగరము ఆదినుండియు ఇట్టి రాతినగరము కాదు. ఒకప్పుడు ఇండ్లలో చాలభాగము కొయ్యతో కట్టినవే. 1405 మే నెల 14 వ తేదీన గొప్ప అగ్నిప్రమాదము సంభవించెను. ఆరువందలకు పైగా ఇండ్లు భస్మమైపోయెను. నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. బ్రతికియున్నవారు ఊరు విడిచి పోలేదు. సమీపమున దొరకు ఆకుపచ్చ ఛాయగల ఇసుకరాతితో నగరమును క్రమముగా తిరిగి కట్టుకొనిరి. నేడు కనబడు పాత నగరపు రూపము ఆ పట్టుదలకు ఫలము. 1983 లో యునెస్కో ఈ పాత నగరమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

భార్య ఒక దుకాణము ముందు నిలిచి, “ఈ నడవ నగరపాలకులదా, ఇంటివారిదా?” అని భర్తచేత ఆంగ్లమున అడిగించెను. దుకాణములోని వృద్ధురాలు, “స్థలము ఇంటివారిదే. కాని నడచు హక్కు అందరిదియును,” అని చిరునవ్వుతో బదులు చెప్పెను.

“మన పల్లెలలోని వీధి అరుగువంటిదే సుమా ఇది,” అని భర్త అనెను. “బాటసారి ఎండకు, వానకు అరుగెక్కి కూర్చున్నచో నీవెవరవని అడుగువారు ఉండెడివారు కారు. దాహమని అడిగినచో మంచినీళ్లు కూడ ఇచ్చెడివారు.”

భార్య ఏమియు పలుకలేదు. వారి తాతలనాటి ఇంటికిని అట్టి అరుగు గలదు. దారిన పోవువారు కూర్చుండి పాడుచేయుచున్నారని పది సంవత్సరముల క్రిందట ఆమెయే పట్టుపట్టి దానికి ఇనుప కటకటాలు పెట్టించియుండెను.

నడవల వెంట తూర్పుగా నడచి వారు త్సిట్‌గ్లొగె అను గడియారపు బురుజును చేరిరి. పదమూడవ శతాబ్దిలో ఇది నగరమునకు పడమటి ద్వారము. అగ్నిప్రమాదమునకు పిమ్మట దీనిపై గడియారమును నిలిపిరి. ఇప్పుడున్న యంత్రమును 1530 లో కాస్పర్ బ్రున్నర్ అనునతడు నిర్మించెను. గంట కొట్టుటకు కొన్ని నిమిషములు ముందుగా కోడిబొమ్మ కూయును. విదూషకుని బొమ్మ గంటలు వాయించును. ఎలుగుబంటి బొమ్మలు వరుసగా తిరుగును. చేత ఇసుక గడియారము ధరించిన కాలపురుషుడు దానిని త్రిప్పును. పిమ్మట పైనున్న బంగారు రంగు బొమ్మ పెద్దగంటను మ్రోగించును. ఒకప్పుడు నగరమునకంతకును ఈ గడియారమే కాలమునకు ప్రమాణము. బురుజు క్రింది దారిలో పొడవు కొలతల ప్రమాణములు కూడ గోడకు అమర్చబడియున్నవి.

అక్కడికి అనతిదూరమున క్రామ్‌గాసె వీధిలో 49 వ సంఖ్యగల ఇల్లు ఉన్నది. దానిని చూడగానే భర్త చేతులు జోడించెను. 1903 నుండి 1905 వరకు ఆల్బర్టు ఐన్‌స్టీను తన భార్య మిలేవాతో ఆ ఇంటి రెండవ అంతస్తులో కాపురముండెను. అప్పుడాయన ఆచార్యుడు కాడు. పేటెంటు కార్యాలయములో చిన్న ఉద్యోగి. పగలు అన్యుల యంత్రముల నమూనాలను పరీక్షించుచు, తీరిక వేళలందు తన శాస్త్ర చింతనము సాగించెను. 1905 లో, ఇరువదియారవ యేట, ఆయన ప్రకటించిన వ్యాసములు భౌతికశాస్త్రపు దారినే మార్చివేసెను. వెలుగును గూర్చి ఆ యేట వ్రాసిన వ్యాసము 1921 సంవత్సరపు నోబెలు బహుమానమునకు ముఖ్య కారణమాయెను. మరియొక వ్యాసములో, నిలిచియున్నవానికిని వేగముగా చలించువానికిని కాలము ఒకే రీతిగా సాగదని ఆయన నిరూపించెను.

“ఊరికంతకును ఒకే కాలము చెప్పు గడియారమునకు కూతవేటు దూరమున నివసించుచు, కాలము అందరికి ఒకటి కాదని ఆయన కనుగొనెను!” అని భర్త పొంగిపోయెను. భార్య మాత్రము ఆ చిన్న గదులనే పరికించి చూచుచుండెను. “మిలేవాయు భౌతికశాస్త్రము చదివినదే గదా! చంటిబిడ్డతో ఈ ఇరుకు ఇంటిలో సంసారమును ఈదినది. ఆమెను కూడ తలచుకొనవలెను,” అనెను. భర్త అది నిజమని తల ఊపెను.

పిమ్మట వారు సన్నని సందు గుండా ప్రధాన దేవాలయమునకు పోయిరి. దీనికి 1421 లో పునాది వేసిరి. నూరు మీటర్ల ఎత్తుగల శిఖరము పూర్తియైనది 1893 లో. అనగా పునాదిరాళ్లు మోసినవారికిని శిఖరము చూచినవారికిని నడుమ నాలుగువందల డెబ్బదిరెండు సంవత్సరములు గడచినవి. గుడి ప్రక్కనున్న విశాలమైన తిన్నెపైనుండి చూడగా, లోతున ఆరె నది వాననీటితో ఉరకలు వేయుచుండెను. దాని ఒడ్డుననే మాట్టె అను పేట ఉన్నది. 2005 ఆగస్టులో ఈ నది పొంగి ఆ పేటను ముంచివేసెను. గోదావరి వరదల నెరిగిన ఆ దంపతులు కొంతసేపు ఆ నీటి హోరు వినుచు మౌనముగా నిలిచిరి.

మరల పెద్దవీధికి వచ్చి తూర్పునకు సాగగా న్యాయదేవత విగ్రహముగల జలాశయము కనబడెను. 1543 నాటి ఈ శిల్పములో దేవత కన్నులకు గంతలు, చేతులలో ఖడ్గము, త్రాసు ఉన్నవి. ఆమె పాదములచెంత పోపు, చక్రవర్తి, సుల్తాను, నగరాధ్యక్షుడు అను నలుగురి ప్రతిమలు గలవు. ఎంతటి అధికారియైనను న్యాయమునకు లోబడవలసినదే యని దాని భావము. తమ నగరాధ్యక్షుని కూడ ఆ వరుసలో చేర్చుట బెర్ను పౌరుల నిష్పక్షపాతమునకు గురుతు.

వీధి చివర వంతెన దాటగానే ఎలుగుబంట్ల వనము. పూర్వము వాటిని రాతి గోతిలో ఉంచెడివారు. ఆ మూగజీవులకు అది చాలదని తలచి, 2009 లో నది వాలున చెట్లు, నీటి మడుగు గల విశాలమైన తావును తెరచిరి. వానలో ఒక ఎలుగుబంటి హాయిగా స్నానమాడుచుండెను.

సాయంకాలమునకు వాన తగ్గెను గాని మబ్బు విడలేదు. హిమశిఖరములు కనబడనే లేదు. వంతెనపై నిలిచి భార్య ఆ దిక్కునకు ఒకసారి చూచి, “కొండలు దైవము ఇచ్చినవి, అవి ఎచ్చటికిని పోవు. ఈ నడవలు మనుష్యులు ఇచ్చుకొన్నవి. ఇల్లు కాలినవారు తిరిగి కట్టుకొన్నప్పుడు దారిన పోవువానిని మరువలేదు,” అనెను. కొంత తడవు ఆగి, “ఊరు చేరగానే వడ్రంగిని కాదు, కమ్మరిని పిలువవలెను,” అని చేర్చెను.

“ఎందులకు?” అని భర్త అడిగెను.

“అరుగు మీది కటకటాలు ఊడదీయుటకు.”

ప్రశ్నలు

1. 1405 నాటి అగ్నిప్రమాదమునకు పిమ్మట బెర్ను పౌరులు ఏమి చేసిరి?
2. బెర్ను నడవలకును మన వీధి అరుగులకును గల పోలికలను వ్రాయుము.
3. న్యాయదేవత పాదములచెంత నగరాధ్యక్షుని ప్రతిమ ఉండుటలోని విశేషమేమి?
4. భార్య కమ్మరిని పిలువవలెనని ఏల తలచెను? నీవైనచో ఏమి చేయుదువు?