భుజం మీద ఇంగ్లీషు

సూరత్‌లోని లింబాయత్‌లో మన పద్మశాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులూ నడుపుతోంది. పవర్‌లూమ్‌ల మీద నేసిన బట్ట రింగ్ రోడ్డు మార్కెట్లకు చేరాక, చీరల పార్సిళ్లను కూలీలు భుజానికెత్తుకుంటారు. ఇంగ్లీషులో ఆ పనికి క్రియ 'షోల్డర్'. బాధ్యత నెత్తినేసుకోవడానికీ ఇదే మాట.

పోటీ పరీక్షల్లో ఈ మాటతో చిక్కంతా దాని జాతీయాలతోనే. 'కోల్డ్ షోల్డర్' అంటే ముఖం చాటేయడం, 'రబ్ షోల్డర్స్' అంటే పెద్దవాళ్లతో రాసుకుపూసుకు తిరగడం. 'చిప్ ఆన్ ది షోల్డర్' మాత్రం చాలామందిని తికమక పెడుతుంది. తనకు అన్యాయం జరిగిందన్న అక్కసుతో ఊరికే కయ్యానికి కాలుదువ్వే తత్వం అది. ఆప్షన్లలో 'బాధ్యత' కనిపిస్తే గుర్తు పెట్టకండి. రోడ్డు పక్క అత్యవసరంగా బండి ఆపుకునే గట్టి అంచు 'హార్డ్ షోల్డర్'. పోలీసు యూనిఫాం భుజం మీది పట్టీ 'ఎపాలెట్'. ఎందుకంటే ఫ్రెంచిలో భుజాన్ని 'ఎపోల్' అంటారు.

జీవశాస్త్రంలోనూ భుజం మీద మార్కులున్నాయి. భుజాల చట్రమైన ఉరోమేఖలలో 4 ఎముకలు: 2 జత్రుకలు, 2 స్కాపులాలు. జత్రుక ఇంగ్లీషు పేరు 'క్లావికల్'కు లాటిన్ మూలార్థం చిన్న తాళంచెవి. భుజానిది బంతిగిన్నె కీలు. భుజాస్థి తల కూర్చునే గ్లినాయిడ్ కుహరం లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, పెద్ద కీళ్లన్నిటిలోకీ ఎక్కువగా తొలిగేదీ ఇదే.