పని మీది, లెక్క పిల్లలది

సెలవులకు ఆశ్రమ పాఠశాల నుంచి పిల్లలు ఇంటికొస్తారు. సంచిలో సైన్సు పుస్తకం ఉంటుంది. ఏడో తరగతిలో చలనం, కాలం. ఎనిమిదిలో బలం, ఘర్షణ. తొమ్మిదికొచ్చేసరికి పని, శక్తి. "మాకు చదువు రాదు, మేమేం చెప్తాం" అని భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు చాలామంది తల్లిదండ్రులు ఆ పుస్తకం జోలికే పోరు. కానీ అందులో ఉన్న సంగతులు మీరు రోజూ చేసే పనుల్లోనివే. కాబట్టి మీరు పాఠం చెప్పక్కర్లేదు. పని చూపించండి, లెక్క వాళ్లను కట్టమనండి.

వేగంతో మొదలుపెట్టండి. పొలం కాలువ గట్టున పది మీటర్లు కొలిచి రెండు పుల్లలు పాతించండి. నీళ్లలో ఎండుటాకు వదిలి, ఫోన్లో సెకన్లు చూడమనండి. ఇరవై సెకన్లు పడితే నీటి వేగం సెకనుకు అర మీటరు. గట్టు పక్కన ఒకసారి, నడిమధ్యన ఒకసారి ఆకు వదిలిస్తే, నీళ్లు అంతటా ఒకే వేగంతో పోవని వాళ్లకే తెలుస్తుంది. ఇది చిన్న కాలువలో, మీరు పక్కనుండగా చేయించే పని. గోదావరిలో మాత్రం వద్దు.

ఘర్షణకు ఎడ్లబండి చాలు. ఇరుసుకు కందెన ఎందుకు పెడతామో అడగండి. ఘర్షణ తగ్గడానికని జవాబొస్తుంది. వెంటనే ఎదురు ప్రశ్న వేయండి: ఘర్షణ తగ్గడం అంత మంచిదైతే, వానాకాలం బురదలో నడవడానికి ఎందుకు భయపడతాం? ఎక్కడ అది తగ్గాలో, ఎక్కడ అది లేకపోతే గడవదో పిల్లలే తేల్చుకుంటారు.

ఇంట్లో తాత విల్లు ఉంటే దింపండి. నారి లాగినప్పుడు చెయ్యి చేసిన పని, వంగిన విల్లులో స్థితిజ శక్తిగా నిలుస్తుంది. వదలగానే అది బాణానికి గతిజ శక్తి అవుతుంది. పుస్తకంలో రెండు పేజీల పాఠం ఇదే.

ఇక బావి. పది లీటర్ల నీళ్లంటే పది కిలోలు. అయిదు మీటర్ల లోతు నుంచి తోడితే, బొక్కెన బరువు పక్కన పెట్టినా, 10 × 9.8 × 5 = 490 జౌళ్ల పని. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 9 జౌళ్లు వాడుతుంది. అంటే ఒక బొక్కెన తోడిన కష్టమంతా పోగేసినా ఆ బల్బు 54 సెకన్లే వెలుగుతుంది. ఈ లెక్క కట్టిన పిల్లలకు పాల్వంచలో కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం అంత బొగ్గు ఎందుకు కాలుస్తుందో అర్థమవుతుంది. 2014 దాకా ఖమ్మం జిల్లాలోనే ఉన్న చింతూరు మండలంలో, దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రాన్ని నాలుగు యూనిట్లతో 460 మెగావాట్లు తీసే సామర్థ్యంతో కట్టారు. అక్కడ జరిగేది బావి పనికి తిరగేసిన పని: మనం నీళ్లను పైకి లాగి శక్తి ఖర్చు చేస్తాం, అక్కడ పైనుంచి దిగే నీళ్ల దగ్గర శక్తి రాబడతారు.

బొక్కెన అమ్మాయికి, విల్లు అబ్బాయికి అని పంచకండి. రెండూ ఇద్దరి చేతికీ ఇవ్వండి.

మోటారు బండి నేర్చుకుంటానని అడిగే వయసూ ఎంతో దూరం లేదు. వేగం రెండింతలైతే గతిజ శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే పది మీటర్లలో ఆగే బండి, అదే రోడ్డు మీద 60 వేగంలో దాదాపు నలభై మీటర్లు పోతుంది. అడవి దారి మలుపులో ఆవు అడ్డొస్తే ఆ ముప్పై మీటర్లే ప్రాణం. ఈ లెక్క వాళ్ల చేతే వేయించండి. లైసెన్సు వయసు వచ్చేదాకా తాళం మాత్రం మీ దగ్గరే ఉంచండి.

కొలత తప్పితే కసరకండి, మళ్లీ కొలవమనండి. ఇంట్లో కోయ మాట్లాడితే కోయలోనే వివరించమనండి. సొంత మాటల్లో చెప్పగలిగిన సంగతికి బట్టీ అక్కర్లేదు. ఈసారి సెలవులు ముగిసి పిల్లలు హాస్టలుకు బయల్దేరే లోపు, పైవాటిలో ఒక్కటైనా చేయించి పంపండి.