నాంపల్లి నుంచి నయాపూల్ దాకా నిధి వేట

ప్రశ్న: దసరా సెలవులకు మా అన్నయ్య పిల్లలు విశాఖ నుంచి వస్తున్నారు. మా ఇద్దరితో కలిపి నలుగురు, ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు. మ్యూజియాలు, పార్కులు తిప్పుతూ నిధి వేట ఆడించాలని ఉంది. ఒక్కరోజులో ఎన్ని చూపించొచ్చు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పబ్లిక్ గార్డెన్స్, అందులోని స్టేట్ మ్యూజియం, సాలార్‌జంగ్ మ్యూజియం. మధ్యలో ఒక చెట్టు. అంతకు మించి వద్దమ్మా. గోల్కొండ, జూపార్కు కూడా కలిపితే రోజంతా ఆటోల్లోనే గడిచిపోతుంది. శుక్రవారం రెండు మ్యూజియాలకూ సెలవు, పండగ రోజూ పెట్టుకోకండి.

పొద్దున్నే అసెంబ్లీ మెట్రో స్టేషన్లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే. 1846 నాటి తోట అది. మ్యూజియం తెరిచేలోగా రాలిన ఆకుల్లో అరచేతి కంటే పెద్దది, నలిపితే వాసన వచ్చేది, అంచున పళ్లున్నది వెతకమనండి. చెట్టు మీదివి మాత్రం కొయ్యనివ్వకండి.

అసలు పని చీటీలు రాయడంలో ఉంది. ‘ఈ శిల్పం ఏ సంవత్సరానిది?’ అని అడిగారో, పిల్లలు పక్కనున్న పలక చదివేసి పరుగెడతారు. శిల్పాన్ని చూడనే చూడరు. జవాబు వస్తువులోనే దొరకాలి. సాలార్‌జంగ్‌లో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘వీల్డ్ రెబెక్కా’ ఉంది కదా, అక్కడికి ‘ఈమె మేలిముసుగు ఏ గుడ్డతో కుట్టారు?’ అని రాయండి. ఒకరు పట్టు అంటారు, ఒకరు మల్లు అంటారు. ఇంకొకరు దగ్గరికెళ్లి తేరిపార చూసి ‘అత్తా, ఇది రాయే!’ అని అరుస్తారు. ఈ శ్రమంతా ఆ కేక కోసమే. అలాగే ‘ఒకే దుంగ, ఇద్దరు మనుషులు, రెండోవాళ్ల ముఖం అద్దంలో’ అన్న చీటీ మెఫిస్టోఫిలిస్ కొయ్యబొమ్మ దగ్గరికి తీసుకెళ్తుంది. వెనకాల తల వంచుకున్న మార్గరెట్టా అద్దంలో కనబడ్డాక వాళ్లను కాసేపు అక్కడే ఉండనివ్వండి, తొందరపెట్టకండి.

ఇక ఆ చెట్టు. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణకు నడవండి. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిమీద పడ్డప్పుడు నూట యాభై మంది దాకా ఈ చింతచెట్టెక్కి బతికారు. ‘నీళ్లు వస్తుంటే నువ్వు ఏ కొమ్మ పట్టుకుంటావు?’ అన్నది ఇక్కడి చీటీ. రోగులుండే చోటు, గొడవ చెయ్యొద్దని ముందే చెప్పండి. తర్వాత నయాపూల్ దాటితే సాలార్‌జంగ్.

ప్రశ్న: స్టేట్ మ్యూజియంలో మమ్మీని చూసి మా ఆరేళ్ల పాప జడుసుకుంటుందేమో. ఆ గది వదిలేయమంటారా?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ముందురోజు రాత్రే చెప్పి ఉంచండి: ఎప్పుడో వేల ఏళ్ల కిందట ఈజిప్టులో బతికిన ఒకమ్మాయి, పోయాక వాళ్ల వాళ్లు శ్రద్ధగా గుడ్డలు చుట్టి దాచుకున్నారు అని. అప్పటికీ వద్దంటే బలవంతం చెయ్యకండి, ఒకరు బయట తోడుండండి. నేనైతే ఆ గదికి చీటీ పెట్టను. అక్కడున్నది ఒక మనిషి దేహం. ఆట కాసేపు ఆపి, చూసి రావాలి.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఇంట్లో వదిలి వెళ్లడానికి మనసొప్పడం లేదు.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నేరుగా సాలార్‌జంగ్‌కు ఆటోలో తీసుకురండి. గంటల గడియారం ముందు కూర్చోబెట్టి ఆఖరి చీటీ ఆవిడ చేతికివ్వండి. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేది గంటకోసారే కనుక, పిల్లలు ఐదు నిమిషాల ముందే చేరాలి. చీటీలో ఏం రాయాలో మాత్రం ఆవిడనే ఆలోచించమనండి.