మనుషులకు చోటు: 1981 నాటి ఒక చిత్రప్రదర్శన

మనిషి బొమ్మ కంటబడగానే మనకు తోచే మొదటి ప్రశ్న "ఇతడెవరు?" అన్నది. "ఇతడు ఎక్కడ ఉన్నాడు?" అన్న ప్రశ్న ఆ తరువాత గాని తోచదు. కాని ఊరు, వీధి, పనిచేసే చోటు, ఇరుగుపొరుగు - వీటిని తీసివేస్తే మనిషి బ్రతుకులో మిగిలేది స్వల్పం. ఈ రెండవ ప్రశ్నకు మొదటి స్థానం ఇచ్చిన ఆరుగురు చిత్రకారులు 1981లో కలిసి ఒక ప్రదర్శన జరిపారు. దాని పేరు 'ప్లేస్ ఫర్ పీపుల్'. అనగా 'మనుషులకు చోటు'. బొంబాయిలోని జహంగీర్ ఆర్ట్ గేలరీలోను, న్యూఢిల్లీలోని రవీంద్రభవన్‌లోను అది జరిగింది.

నేపథ్యం

అంతకు ముందు రెండు దశాబ్దాలుగా మన ఆధునిక చిత్రకళలో అమూర్త చిత్రణకు గొప్ప ప్రతిష్ఠ ఉండేది. రంగు, రేఖ, ఆకృతి తమంతట తామే చిత్రానికి విషయమైనాయి. కథ చెప్పే బొమ్మ పుస్తకాలకు, కేలండర్లకు తగినదే గాని గంభీరమైన కళ కాజాలదని పలువురు భావించేవారు. ఈ ఆరుగురు ఆ భావనతో ఏకీభవించలేదు. అజంతా కుడ్యచిత్రాలు మొదలు మొగలు లఘుచిత్రాల వరకు మన దేశంలో చిత్రం కథ చెబుతూనే వచ్చింది గదా! 1976లో వివాన్ సుందరం కసౌలీలో నెలకొల్పిన కళాకేంద్రం ఇటువంటి చర్చలకు నెలవైనది. ప్రదర్శన పుస్తకంలో విమర్శకురాలు గీతా కపూర్ మానవాకృతిని గూర్చి విపులమైన వ్యాసం వ్రాశారు.

ఆరుగురు, ఆరు చోట్లు

చిత్రకారుల జన్మస్థలాలను గమనించడం కూడ అవసరం. సుందరం సిమ్లాలో జన్మించారు. నళినీ మలానీ కరాచీలోను, జోగెన్ చౌధురి తూర్పు బెంగాలులోని ఫరీద్‌పూర్ ప్రాంతంలోను జన్మించారు. దేశవిభజన వల్ల ఈ రెండు కుటుంబాలు పుట్టినచోటు వదలవలసి వచ్చింది. గులాం మహమ్మద్ షేక్ స్వస్థలం సౌరాష్ట్రలోని సురేంద్రనగర్. బొంబాయిలో పుట్టిన భూపేన్ ఖఖ్ఖర్ బరోడాలో స్థిరపడి, లెక్కల ఉద్యోగం చేస్తూ చిత్రాలు వేశారు. సుధీర్ పట్వర్ధన్ థానేలో నివసిస్తూ 2005 వరకు ఎక్స్‌రే వైద్యనిపుణులుగా పనిచేశారు. 'చోటు' అన్న మాట వీరికి కేవలం సిద్ధాంతం కాదు.

మూడు ఉదాహరణలు

ఖఖ్ఖర్ 1970ల ఆరంభంలోనే గడియారాలు బాగుచేసే దుకాణాన్ని, మంగలి దుకాణాన్ని చిత్రవస్తువులుగా స్వీకరించారు. అంతవరకు గేలరీ గోడ ఎక్కని మనుషులు వారు. 1981లో ఆయన వేసిన 'యూ కాంట్ ప్లీజ్ ఆల్' అనే చిత్రంలో మేడపై వివస్త్రుడైన ఒక మనిషి మనకు వీపు చూపి నిలిచి క్రింది లోకాన్ని చూస్తుంటాడు. క్రింద, తండ్రీ కొడుకూ గాడిదా కథ ఘట్టాలుగా సాగుతుంది. అందరినీ మెప్పించబోయి ఎవరినీ మెప్పించలేని ఆ కథ మనమెరిగినదే. పురుషులను ప్రేమించే తన స్వభావాన్ని ఇక దాచుకోరాదన్న చిత్రకారుని నిశ్చయాన్ని విమర్శకులు ఇందులో గుర్తించారు. లోకమంతా కనిపించే చోట నిలబడి, ఆ లోకంలో తనకూ చోటు కోరడమే ఈ చిత్రం సారాంశం.

షేక్ 'సిటీ ఫర్ సేల్' అనే పెద్ద చిత్రాన్ని 1981లో ఆరంభించి 1984లో ముగించారు. అది బరోడా నగరచిత్రం. 'సిల్సిలా' సినిమా ప్రకటన, జనుల నిత్యవ్యవహారాలు, మతకలహపు బీభత్సం - అన్నీ ఒకే పటంపై ఉన్నాయి. కన్ను ఒకచోట నిలువక వీధి నుండి వీధికి సాగిపోతుంది. ఈ పద్ధతిని ఆయన మొగలు చిత్రాల నుండి, ఇటలీలోని సియెనా నగరపు ప్రాచీన చిత్రాల నుండి గ్రహించారు. వినోదం, కలహం ఒకే ఊరిలో ప్రక్కప్రక్కనే ఉంటాయని చెప్పడానికి ఇంతకంటె అనువైన పద్ధతి అరుదు.

పట్వర్ధన్ 'ఇరానీ రెస్టారెంట్' 1977 నాటిది. 'ట్రెయిన్' 1980 నాటిది. హోటలులో కూర్చున్నవాడు, రైలులో ప్రయాణించే శ్రామికులు ఆయన నాయకులు. ప్రదర్శన జరిగిన మరుసటి ఏడు, 1982లో, బొంబాయి బట్టలమిల్లులలో సుమారు రెండున్నర లక్షల కార్మికులు సమ్మె చేశారు. ఆ మిల్లులలో అనేకం మరల కోలుకోలేదు. 2001లో ఆయన 'లోయర్ పరేల్' వేసేనాటికి ఆ మిల్లుపేట రూపమే మారిపోతున్నది. మనుషులకు చోటు ఎంత త్వరగా పోగలదో ఈ చిత్రాలను వరుసగా చూస్తే బోధపడుతుంది.

మనం నేర్వవలసినది

ఈ ప్రయత్నంలో ఒక లోపం లేకపోలేదు. పటంపై ఉన్న కార్మికునికి గేలరీ గడప తొక్కే అవకాశం తక్కువ. పట్వర్ధన్ దీనిని గుర్తించి, 2008-09లో సమకాలీన చిత్రాల ప్రదర్శనను మహారాష్ట్రలోని పలు పట్టణాలకు తీసుకువెళ్ళారు.

ఇక చిత్రాన్ని చూసే పద్ధతి: మనిషి ముఖం చూసిన తరువాత అతని వెనుకనున్న గోడను, కిటికీని, వీధిని చూడండి. అతనికి అక్కడ నిలువ నీడ ఉన్నదా? ప్రక్కవాడు అతనిని ఉండనిస్తున్నాడా? ఒక దేశపు ఐక్యతను పరీక్షించడానికి కూడ ఇవే ప్రశ్నలు చాలును.