రక్తము చెప్పు సాక్ష్యము

2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు సి.ఆర్.పి., డి-డైమర్, ఫెరిటిన్ అను పేరులు మన యిండ్లలోనికి వచ్చినవి. పరీక్షాపత్రము ఆంగ్లమున నుండును. వైద్యుడు తమిళమున మాటలాడును. ఇంటిలో అవ్వతాతలకు తెలుగే తెలియును. కావున ఆ కాగితమును చదివి చెప్పు భారము మన ప్రాంతమున తరచుగా బడిపిల్లలమీద పడుచుండును. అందుచే ఆ పేరుల అర్థమును ఈ పాఠమున వివరింపదలచితిమి.

రక్తమునుండి కణములను వేరుచేయగా మిగులు లేత పసుపువన్నె ద్రవమును ప్లాస్మా యందురు. అందు నూటికి సుమారు 90 పాళ్లు నీరు. మిగిలినదానిలో పెక్కుభాగము మాంసకృత్తులు. వ్యాధి కలిగినప్పుడు వీనిలో కొన్ని పెరుగును, కొన్ని తరుగును. కావున వీనిని వ్యాధి సూచికలుగా గ్రహింతురు.

మొదటిది సి.ఆర్.పి. దీనిని 1930లో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తమున కనుగొనిరి. శరీరమున ఎచ్చటనైన వాపు, తాపము కలిగినచో రక్షక కణములు ఇంటర్‌ల్యూకిన్-6 అను మాంసకృత్తును వార్తాహరునివలె పంపును. ఆ వార్త నందుకొని కాలేయము సి.ఆర్.పి.ని తయారుచేయును. ఆరోగ్యవంతులలో ఇది సాధారణముగా లీటరునకు 10 మిల్లీగ్రాములకు లోపుగా నుండును. తీవ్రవ్యాధిలో 100 దాటవచ్చును. ఉత్పత్తి ఆగినచో సుమారు 19 గంటలకు సగమగును. అనగా 160 ఉన్నది 38 గంటలకు 40 కావలెను. కావున ఒక్కనాటి అంకెకంటె, మరునాడు అది పెరిగినదా, తగ్గినదా యనుట ముఖ్యము.

రెండవది డి-డైమర్. రక్తము గడ్డకట్టునప్పుడు ఫైబ్రిన్ అను నారలు వలవలె అల్లుకొనును. ఆ వల కరగునప్పుడు తెగిన తునుకలే డి-డైమర్. కరోనా తీవ్రమైనచో ఊపిరితిత్తుల సన్నని రక్తనాళములలో గడ్డలేర్పడవచ్చును. అప్పుడీ తునుకలు పెరుగును. ఇనుమును దాచు ఫెరిటిన్ తాపమువలన పెరుగును, ఆల్బుమిన్ తరుగును. గుండె కండరము దెబ్బతినినచో ట్రోపోనిన్ రక్తములోనికి వచ్చును.

పొగను చూచి నిప్పున్నదని యెరుగుదుము. కాని ఆ నిప్పు పొయ్యిలోనిదో, పూరింటి కప్పుమీదిదో పొగ చెప్పజాలదు. ఈ సూచికలును అట్టివే. స్థూలకాయులలో సి.ఆర్.పి. కొంత హెచ్చుగా నుండవచ్చును. గర్భిణులలోను, వృద్ధులలోను డి-డైమర్ సహజముగానే పెరుగును. మధుమేహమును తెలుపు హెచ్‌బి‌ఎ1సి పరీక్ష, హిమోగ్లోబిన్ అను మాంసకృత్తునకు అంటిన చక్కెరను కొలిచి, సుమారు మూడు నెలల స్థితిని చెప్పును. మధుమేహము అదుపులో లేనివారికి కరోనా తీవ్రమగు భయము హెచ్చు.

సూచికను యుక్తముగా వాడిన విధమునకు బ్రిటనునందలి రికవరీ పరిశోధన ఉదాహరణము. ప్రాణవాయువు కొరతయు, 75 లేక అంతకు మించిన సి.ఆర్.పి.యు రెండును ఉన్న రోగులను అందు ఎన్నుకొని, ఇంటర్‌ల్యూకిన్-6 పనిని అడ్డగించు టోసిలిజుమాబ్ అను మందు నిచ్చిరి. దానివలన మరణములు తగ్గినవని 2021 ఫిబ్రవరిలో ప్రకటించిరి. అంకె ఒక్కటియే చాలలేదు. రోగి స్థితియు చూడవలసి వచ్చినది.

అట్లు చూడనిచో కీడు కలుగును. ఆ పరిశోధనయే 2020లో డెక్సామెథసోన్ అను స్టెరాయిడ్ ప్రాణవాయువు పెట్టవలసిన రోగులకు మేలు చేయుననియు, అవసరము లేనివారికి మేలు చేయదనియు తేల్చినది. అయినను 2021లో స్వల్పవ్యాధి గలవారు సైతము పరీక్షలకు పరుగెత్తి, అంకెలకు భయపడి స్టెరాయిడ్లు మ్రింగిరి. స్వల్పవ్యాధిలో ఈ పరీక్షలు అనవసరమని ఢిల్లీ ఎయిమ్స్ సంచాలకుడుగా నుండిన డాక్టర్ రణదీప్ గులేరియా ఆ మే నెలలో హెచ్చరించెను. మధుమేహులలో పెక్కురు అప్పుడు నల్లబూజు తెగులు పాలైరి. దానికి స్టెరాయిడ్ల మితిమీరిన వాడుక ఒక కారణము.

కావున పరీక్షాపత్రము చేతికి వచ్చినప్పుడు మొదట తేదీని, పిమ్మట అంకె ప్రక్కనున్న ప్రమాణమును, ఆ పిమ్మట ఆ ప్రయోగశాల ముద్రించిన సాధారణ పరిమితిని చదువుడు. డి-డైమర్ ఒకచోట మిల్లీలీటరునకు 500 నానోగ్రాములనియు, వేరొకచోట 0.5 మైక్రోగ్రాములనియు ఉండవచ్చును, రెండును ఒక్కటే. ప్రమాణమును విడిచి అంకెను మాత్రము చదివినచో ఇంటివారు వృథాగా కలతపడుదురు, లేదా వృథాగా ధైర్యపడుదురు. రోగికి ఆయాసమున్నదా, జ్వర మెన్నినాళ్లనుండి యున్నది, ఆక్సిమీటరు ఎంత చూపినది అను సంగతులను గూడ వ్రాసికొని వైద్యునికి చెప్పుడు. ఆ రెండు సాక్ష్యములను కలిపి తీర్పు చెప్పవలసినవాడు వైద్యుడు. ఒక్క అక్షరమైనను మారకుండ వానిని అందజేయుట మీ పని.