పట్టభద్ర తరగతి ప్రయోగశాలలో లేజరు వర్ణపట శాస్త్రము

మన డిగ్రీ విద్యార్థులలో పెక్కుమంది వర్ణపటమును నల్లబల్ల మీది బొమ్మగానే చూచి, పరీక్షలో ఆ బొమ్మనే గీచి వచ్చుచున్నారు. లేజరు మార్కాపురం, గిద్దలూరు వంటి ఊళ్ల కళాశాలలకు అందనిదన్న భావము ఇంకను పోలేదు. దీనితో మేము ఏకీభవింపము.

1928లో కలకత్తాలో రామన్, ద్రవములలో చెదరిన కాంతియందు క్రొత్త రేఖలను కనుగొన్నాడు. అప్పటికి లేజరు లేదు. 1960లో మైమన్ తొలి లేజరును వెలిగించిన పిదప కూడ కొంతకాలము పాదరస దీపమే ఆధారము. ఒక్క ఛాయాచిత్రమునకు గంటలు పట్టెడిది. రామన్ బాల్యవిద్య విశాఖపట్టణమున సాగినది. ఆయనతో పరిశోధన చేసిన సూరి భగవంతంగారు ఆగిరిపల్లి వారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులు. ఈ విద్య మనకు పరాయిది కాదు.

532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు కిరణమును ఇథైల్ ఆల్కహాలు గల గాజుపాత్రలోనికి పంపి, చెదరిన కాంతిని లంబదిశలో చూడవలెను. అందు అధికభాగము అదే రంగున ఉండును. దానిని వడపోత గాజుతో ఆపవలెను. అత్యల్పభాగము అణువులకు కొంత శక్తినిచ్చి, 558.3 నానోమీటర్ల వద్ద రేఖగా వెలువడును. రెండు తరంగసంఖ్యల భేదము సెంటీమీటరుకు సుమారు 885. అణువులోని కర్బన, ఆమ్లజని బంధముల స్పందనకు అది గుర్తు. ఈ లెక్కను విద్యార్థియే కట్టవలెను. పాత పుస్తకములు చెప్పు బెంజీను, కార్బన్ టెట్రాక్లోరైడు విషపూరితములు. వాటి జోలికి పోరాదు.

కిరణమును కంటితో సూటిగా చూడరాదు. చవక లేజరులనుండి కనిపించని పరారుణ కాంతియు రావచ్చును. తగిన కళ్లద్దములు తప్పనిసరి. కిరణమునకు ఎదురుగా మెరుగుపెట్టని పలకరాయి ముక్కను నిలుపుట మేలు. అందుకు మార్కాపురమున కొదువ లేదు!

మన బోరు నీటిలోని ఫ్లోరైడును ఈ లేజరు పట్టునా? పట్టదు. ఫ్లోరైడు అయాను ఏకపరమాణుకము; బంధము లేనిచోట బంధస్పందన లేదు, రామన్ రేఖయు లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటినదో లేదో తెలుపునది ఫ్లోరైడు ఎలక్ట్రోడు, లేదా రంగుమార్పు పరీక్ష. ఏ సాధనము దేనిని చూడలేదో తెలియనివాడు దాని అంకెలను నమ్మి మోసపోవును.

కళాశాల కమిటీవారికి మా విన్నపము: ఈ ఏడు ఒక్కదానికే సొమ్మున్నచో ఎలక్ట్రోడునే కొనవలెను. పిల్లలు తమ తమ ఊరి నీరు సీసాలలో తెచ్చెదరు. లేజరు మరుసటి ఏటికి ఆగగలదు.